కట్ట మీది తాత మంచివాడని నేను నిరూపించను

ఊరి బయట ఒంటరిగా బతికే ఒక మనిషి, అతని పేరు చెబితేనే జడుసుకునే పిల్లలు, ఆ పిల్లల్లో ఒకరిద్దరికి అనుకోకుండా అతనితో కుదిరే చెలిమి: ఈ అల్లికతో వచ్చిన కథలు మనందరికీ ఏదో ఒక రూపంలో తెలిసినవే. వాటిలో చాలావాటి ముగింపు కూడా ఒక్కటే. చెరువుకు గండి పడుతుంది, లేదా ఒక పిల్లవాడు పాడుబావిలో జారిపడతాడు. ఊరంతా చేతులెత్తేసిన వేళ ఆ ఒంటరి మనిషి ప్రాణాలకు తెగించి వాణ్ణి కాపాడతాడు. ఊరు సిగ్గుతో తలవంచుకొని అతన్ని లోపలికి పిలుచుకుంటుంది. వింటుంటే కళ్లు చెమర్చే ఈ ముగింపు మీద నాకు చాలాకాలంగా ఒక అభ్యంతరం ఉంది. ఎవరి బిడ్డనో కాపాడితే తప్ప ఒక మనిషికి ఊళ్లో చోటు లేదన్న షరతును ఆ కథ మెల్లగా మన చేత ఒప్పిస్తుంది. చెరువుకు గండి పడని ఊళ్లో అతని గతేమిటి? అతనికి ఈత రాకపోతే ఏం చేయాలి? అతను నోటి దురుసు మనిషై, ఎవరినీ కాపాడాలన్న తలంపే లేనివాడైతే, ఊరి బయట ఉండటమే అతనికి తగినదని అనుకోవాలా?

ఈ ప్రశ్నలు నాకు ఊహలోంచి పుట్టలేదు. 1980ల రెండో సగంలో, నిజామాబాద్ జిల్లాలోని మా ఊరి చెరువు కట్ట అవతల, అలుగు పక్కన, తాటి కమ్మల గుడిసెలో అలాంటి మనిషి ఒకరు ఉండేవారు. ఆయనకు కుష్ఠు వ్యాధి వచ్చి తగ్గింది. తగ్గిందన్న మాటను ఊళ్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మా వైపు దాన్ని పెద్దరోగం అనేవారు. ఆ పేరు కూడా పిల్లల ముందు పైకి రానిచ్చేవారు కాదు. "గటు దిక్కు పోకుండ్రి, కట్ట మీదోడు పట్టుకపోతడు" అని మాత్రమే మా బాపమ్మ చెప్పేది. ఎందుకు పట్టుకుపోతాడో, పట్టుకుపోయి ఏం చేస్తాడో చెప్పేది కాదు కనుక, ఆ ఖాళీని మేమే నింపుకున్నాం.

మేము నింపుకున్నవి ఏవో చూద్దాం. ఆయన కళ్లు తెరిచే నిద్రపోతాడు. నడిచేటప్పుడు ఒక కాలు నేలను చరుస్తుంది. నిప్పు ముట్టుకున్నా చేయి కాలదు. గొంతు మనిషి గొంతులా ఉండదు. కనుబొమలు లేవు. ఒంటి రంగు మొదట్లో ఇంత నలుపు కాదు, ఏడాది తిరిగేసరికి అలా మారిపోయింది. నెలకోసారి నెత్తురు పోస్తాడు. ఒక పిల్లి రాత్రంతా ఆయన పక్కలోనే పడుకొని కాపలా కాస్తుంది. ఇవన్నీ ఒకరి చెవిలో ఒకరం చెప్పుకొని, చీకటి పడ్డాక మూత్రానికి పెరట్లోకి కూడా వెళ్లలేక అవస్థ పడిన వాళ్లం మేము. పెద్దయ్యాక ఈ వ్యాధి గురించి కుదురుగా చదివినప్పుడు నన్ను నివ్వెరపరిచిన సంగతి ఏమిటంటే, ఆ జాబితాలో దాదాపు ఒక్కటీ అబద్ధం కాదు.

కుష్ఠు ప్రధానంగా చర్మానికీ, చర్మానికి దగ్గరగా ఉండే నరాలకూ సోకే వ్యాధి. దానికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే గుర్తించాడు. అది మహా నిదానంగా పెరిగే జీవి. ఒంట్లో చేరిన తర్వాత లక్షణాలు కనిపించడానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పట్టవచ్చు. ముఖానికి వెళ్లే నరం దెబ్బతింటే రెప్పలు మూతపడవు, అందువల్ల ఆ మనిషి నిజంగానే కళ్లు తెరిచి నిద్రపోతాడు. రెప్ప ఆడక దుమ్ము పడి పడి చివరికి చూపు పోవచ్చు. మోకాలి కింద పక్కగా వెళ్లే నరం దెబ్బతింటే పాదం ముందు భాగం పైకి లేవదు, అందువల్ల ప్రతి అడుగుకూ మోకాలిని ఎత్తి వేయాలి, వేసిన పాదం నేలను టప్పున చరుస్తుంది. వెన్నెల రాత్రుల్లో కట్ట మీద మేము విన్న దయ్యపు అడుగుల చప్పుడు అదే. మోచేతి దగ్గరి నరం పోతే చిటికెనవేలు, ఉంగరపు వేలు గోళ్లలా ముడుచుకుపోతాయి, చేతికి స్పర్శ పోతుంది. స్పర్శ లేని చేయి నిప్పును ముట్టుకుంటే కాలుతుంది, కాలిందని తెలియదు. కంఠనాళానికి వ్యాధి సోకితే గొంతు బొంగురుపోతుంది. కనుబొమలు రాలిపోవడం ఈ వ్యాధి ముదిరిన వారిలో కనిపించే బాగా తెలిసిన లక్షణమే.

మిగిలిన మూడింటికి కారణం వ్యాధి కాదు, దానికి చేసిన వైద్యమూ తీసుకున్న జాగ్రత్తలూను. 1981 తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సలో మూడు మందులుంటాయి. వాటిలో క్లోఫాజిమిన్ చర్మాన్ని నల్లబరుస్తుంది, వాడకం ఆపాక ఆ నలుపు నెమ్మదిగా తగ్గుతుంది. రిఫాంపిసిన్‌ను నెలకోసారి ఆరోగ్య కార్యకర్త ఎదుట మింగాలి, మింగిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. మేము నెత్తురు అనుకున్నది ఆ మనిషి ఒంట్లోంచి వ్యాధి వెళ్లిపోతోందనడానికి గుర్తు. ఇక పిల్లి సంగతి నాకు అన్నింటికంటే ఆలస్యంగా తెలిసింది. 1940ల చివర్లో వెల్లూరులో పనిచేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల వేళ్లు రోగం వల్ల కుళ్లి రాలిపోవడం లేదనీ, నొప్పి తెలియకపోవడం వల్ల తగిలే గాయాలతో అరిగిపోతున్నాయనీ గుర్తించి చెప్పాడు. రాత్రికి రాత్రే కొందరి వేళ్ల కొనలు మాయమవుతున్నాయంటే ఆరా తీస్తే, నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయని తేలింది. కొరుకుతున్నట్టు తెలియక ఆ మనిషి మేలుకోడు. అప్పటి నుంచి అక్కడి రోగులు పక్కన పిల్లిని పెట్టుకొని పడుకోవడం మొదలుపెట్టారు. మేము తాత అని పిలిచిన ఆ కట్ట మీది మనిషికి ఈ ఉపాయం ఎవరు చెప్పారో నేను ఎన్నడూ అడగలేదు. కాని మా ఊరు మంత్రగాడి పిల్లి అనుకున్నది తన వేళ్లను కాపాడుకోవడానికి ఒక మనిషి పెంచుకున్న పిల్లి.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఇలాంటి భయాలను మనం పిల్లల అమాయకపు ఊహలని తేలిగ్గా కొట్టిపారేస్తాం. మేము చూసినవి సరిగ్గానే చూశాం. పిల్లలు మామూలుగా పెద్దల కంటే నిశితంగానే చూస్తారు. చూసినదానికి అర్థం చెప్పగలిగినవారు చెప్పలేదు. చెప్పగలిగినవారు లేరని కూడా అనలేం. డిచ్‌పల్లి మాకు ఎంతో దూరం కాదు. మెథడిస్ట్ మిషన్‌కు చెందిన ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు, ఆమె భర్త కలిసి, రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో 1915లో అక్కడ కుష్ఠు ఆసుపత్రిని ప్రారంభించారు. మొదట్లో చాల్మూగ్రా జాతి గింజల నూనెను సూదితో ఎక్కించేవారు, తర్వాతి కాలంలో డాప్సోన్ బిళ్లలు వచ్చాయి. మా తాత కూడా అక్కడే ఏళ్ల తరబడి డాప్సోన్ మింగి తిరిగివచ్చిన మనిషి. అంటే మా జిల్లా ఈ రోగం గురించి ఏమీ తెలియని జిల్లా కాదు. దేశంలో చాలామంది కంటే ముందుగా తెలుసుకునే వీలున్న జిల్లా.

తెలిసీ ఎందుకు చెప్పలేదన్నదానికి నాకు దొరికిన జవాబు చాలా మోటుది. ఆయనకు తరి భూమిలో వాటా ఉండేది. చెరువు కింద నీళ్లు అందే రెండెకరాలు. ఆయన ఆసుపత్రిలో ఉన్న కాలంలో తమ్ముళ్లు సాగు చేసుకున్నారు, తిరిగివచ్చాక కూడా వాళ్లే సాగు చేసుకున్నారు. ఊళ్లోకి వస్తే కూడుతో పాటు ఆ వాటా కూడా అడుగుతాడు. కట్ట అవతల ఉంటే ఒక పూట బువ్వ పంపి సరిపెట్టవచ్చు. రోగం అంటుకుంటుందన్న భయం నిజంగా ఉన్నవారు ఊళ్లో ఎక్కువమందే ఉండవచ్చు, మా బాపమ్మ అలాంటిదే. అయితే ఆ భయం చల్లారకుండా చూసుకోవడం వల్ల లాభపడినవారూ ఉన్నారు. తెలంగాణ పల్లెల్లో చేతబడి, బాణామతి పేరుతో ఊరి అంచున ఒంటరిగా బతికే ముసలివాళ్ల మీద పడి పళ్లూడగొట్టిన సంఘటనలు చదివినప్పుడల్లా, మంత్రాల మీద నమ్మకం ఎంత, పక్కింటి సరిహద్దు తగాదా ఎంత అని నేను విడదీసి చూడటం అప్పటి నుంచే మొదలైంది. బీహార్ 1999లో, ఝార్ఖండ్ 2001లో ఇలాంటి వేధింపుల మీద విడిగా చట్టాలు చేసుకున్నాయి. మహారాష్ట్ర 2013లో చేసింది.

ఇక చెలిమి సంగతి. అది దయతో మొదలు కాలేదని ముందే చెప్పాలి. మేము కట్ట దిగువన చిర్రగోనె ఆడుతుండగా చిర్ర ఎగిరివెళ్లి ఆయన గుడిసె ముందు పడింది. మా చిర్ర అది ఒక్కటే. చాలాసేపు చెట్ల చాటున నిలబడ్డాం. ఆయన దాన్ని కాలి కింద తొక్కిపెట్టి, బొంగురు గొంతుతో, "చిర్ర గావాల్నంటె బీడీలు దెండ్రి" అన్నాడు. అది కాజేసిన సొమ్ముకు వెల అడగడం తప్ప మరేమీ కాదు. అయితే మాకు ఆ భాష అర్థమైంది. అప్పటిదాకా ఆయన పిల్లలను ఏం చేస్తాడో తెలియని మనిషి. ఆ మాటతో బీడీల కోసం బేరమాడే మనిషి అయ్యాడు. బేరమాడే మనిషిని చూసి ఎంతసేపని భయపడగలం?

మా జిల్లాలో బీడీలకు కొదవలేదు. ఊళ్లో సగం ఇళ్లలో ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేవారు, చుట్టిన కట్టలను కార్ఖానాకు అప్పగించేవారు. బాగా రాలేదని కార్ఖానాలో పక్కకు తీసేసినవి ఇంట్లో ఏ మూలనో పడి ఉండేవి. వాటిని జేబులో వేసుకొని వెళ్లేవాళ్లం. బదులుగా ఆయన చేపలు ఇచ్చేవాడు. తూము దగ్గర ఏ వేళకు ఏ చేప గాలానికి పడుతుందో ఊళ్లో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వేళ్లు పట్టు చిక్కవు కనుక గాలపు దారాన్ని మణికట్టుకు చుట్టుకొని, దారం తెగకోసినా తెలియదు కాబట్టి కింద గుడ్డపీలిక వేసుకొని కూర్చునేవాడు. ఎండాకాలంలో తునికి పండ్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పేవాడు. ఆ తునికి చెట్టు ఆకులే మా అమ్మల చాటల్లో బీడీలవుతాయని మొదట చెప్పింది కూడా ఆయనే. రోజూ బీడీలు చుట్టే ఇళ్లలో పుట్టి కూడా ఆ ఆకు ఏ చెట్టుదో మాకు తెలియదు.

కొద్దికాలానికి లావాదేవీలు పెరిగాయి. కిరాణా దుకాణంలో ఆయన చేతి డబ్బులు తీసుకునేవారు కాదు. తప్పనిసరి అయితే చిల్లరను చెంబు నీళ్లలో వేయించి, కాసేపు ఆగి తీసుకునేవారు. అందువల్ల ఉప్పు, అగ్గిపెట్టె, మిరపపొడి మేము కొని తెచ్చి ఇచ్చేవాళ్లం, మిగిలిన పైసలతో పిప్పరమెంట్లు కొనుక్కునేవాళ్లం. ఆయన లెక్క అడిగేవాడు, మేము తప్పు లెక్క చెప్పేవాళ్లం, ఆయనకు తెలిసేది, చేపల్లో ఒకటి తగ్గించేవాడు. ఇరువైపులా మోసాలుండేవి. పెద్దరోగం వచ్చిన మనిషి డబ్బుతో పిప్పరమెంటు తింటున్నామన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదంటే, దానికి మా ఔదార్యం కారణం కాదు. ఆ డబ్బు మాకు పనికొచ్చింది, అంతే.

ఇక్కడే నా వాదన అసలు భాగం ఉంది. ఊరికి ఆ మనిషితో రెండే రకాల సంబంధాలు తెలుసు, ఒకటి భయం, రెండోది దయ. మా బడి గోడ మీద గాంధీ పటం ఉండేది. సేవాగ్రామ్ ఆశ్రమంలో కుష్ఠు సోకిన సంస్కృత పండితుడు పర్చురే శాస్త్రి పుండ్లను ఆయన స్వయంగా కడిగి కట్టు కట్టేవారన్న సంగతిని మాస్టారు ఏటా జనవరి 30న చెప్పేవారు. ఆ రోజును మన దేశంలో కుష్ఠు వ్యతిరేక దినంగా కూడా పాటిస్తారు. గాంధీ చేసిన పని గొప్పదే, ఆ కాలంలో ఆ పనికి కావలసిన ధైర్యం చిన్నది కాదు. అయితే సేవ ఎంత గొప్పదైనా అందులో ఒకరు ఇచ్చేవారు, ఒకరు పుచ్చుకునేవారు. పుచ్చుకునే మనిషి బేరమాడలేడు, విసుక్కోలేడు, చేపల లెక్క తగ్గించలేడు. కృతజ్ఞతతో చేతులు జోడించి ఉండాలి. ఏటా పండుగకు పాత బట్టలు పంపే ఇళ్లు మా ఊళ్లో ఉండేవి. ఆ బట్టలు అందుకునేటప్పుడు తాత ముఖం వేరు, మేము బీడీ తక్కువ తెచ్చామని మా మీద అరిచేటప్పటి ముఖం వేరు. రెండో ముఖమే ఆయనదని నా నమ్మకం. ఆ ముఖాన్ని ఊళ్లో మేము తప్ప ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఆయనతో ఎవరికీ పని పడలేదు.

పిల్లల స్నేహాన్ని నిష్కల్మషమనీ, దేవుడి లాంటిదనీ పొగడటం మనకు అలవాటు. ఆ పొగడ్తలో నాకు నమ్మకం లేదు. గుడిసె మీద రాళ్లు రువ్వి పరిగెత్తినవాళ్లూ మా ఈడు పిల్లలే, వారిలో కొందరు తర్వాత చేపల కోసం మా వెంట వచ్చారు కూడా. పిల్లల్లో ఉన్న మంచి గుణం ఒక్కటే. పెద్దలు చెప్పిన భయానికీ తమకు కనిపించే లాభానికీ పొత్తు కుదరనప్పుడు వాళ్లు భయాన్ని వదిలేసి లాభాన్ని పట్టుకోగలరు. పెద్దలు అలా కాదు, లాభాన్ని కాపాడుకోవడానికి భయాన్ని పట్టుకుంటారు.

మా వ్యవహారం బయటపడింది బడిలో జరిగిన సర్వేలో. కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద ఒక ఆరోగ్య కార్యకర్త వచ్చి, చొక్కాలు విప్పించి, ఒంటి మీద పాలిపోయిన మచ్చలేమైనా ఉన్నాయా అని చూసి, అనుమానం వచ్చినచోట దూదితో తాకి, తాకింది ఎక్కడో కళ్లు మూసుకొని వేలు పెట్టి చూపమన్నాడు. ఎవరికీ ఏమీ తేలలేదు. చుట్టుపక్కల ఈ రోగం ఉన్నవాళ్లు తెలుసా అని అడిగితే, మాలో ఒకడు గర్వంగా అన్నీ చెప్పేశాడు. ఆ సాయంత్రం మా ఇళ్లలో ఏం జరిగిందో చెప్పనక్కరలేదు. చెప్పవలసింది ఆ కార్యకర్త సంగతి. ఆయన రచ్చకట్ట దగ్గర పెద్దలను కూర్చోబెట్టి, మందు వేసుకుంటున్న మనిషి నుంచి ఈ రోగం ఇతరులకు అంటదనీ, పిల్లలను కొట్టనవసరం లేదనీ ఓపికగా చెప్పాడు. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే సోకించే శక్తి పోతుందనీ, అసలు నూటికి తొంభై అయిదు మందిలో ఈ సూక్ష్మజీవిని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుందనీ ఈనాడు అందరికీ తెలిసిన విషయమే. అందరూ తలలూపారు. మర్నాటి నుంచి మమ్మల్ని కట్ట వైపు పోనివ్వలేదు. తాత తమ్ముళ్లు కూడా ఆ సభలో ఉన్నారు, వాళ్లూ తలలూపారు.

మందులు లేని రోజుల్లో ఈ భయానికి ఒక ఆధారం ఉండేదని నేను కాదనను. చికిత్స లేని రోగితో ఒకే కప్పు కింద ఏళ్ల తరబడి ఉంటే రోగం సోకే అవకాశం ఉంది, పిల్లలకు మరీను. 1898లో బ్రిటిష్ ప్రభుత్వం కుష్ఠు రోగులను బంధించి ఆశ్రమాలకు పంపే చట్టం చేసినప్పుడు దానికి వైద్యం దగ్గర మరో మార్గం లేదని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదన 1950ల తర్వాత నిలవదు, 1980ల తర్వాత అసలు నిలవదు. అయినా ఆ చట్టం రద్దయింది 2016లో. హిందూ వివాహ చట్టంలో జీవిత భాగస్వామికి కుష్ఠు ఉండటం విడాకులకు కారణంగా 2019 దాకా కొనసాగింది. కుష్ఠు ఉన్నవారు పురపాలక సంఘానికి పోటీ చేయరాదన్న ఒడిశా చట్టంలోని నిబంధనను 2008లో సుప్రీంకోర్టు సమర్థించింది. జాతీయ స్థాయిలో ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని ప్రభుత్వం ప్రకటించిన 2005 డిసెంబరు తర్వాత ఇచ్చిన తీర్పు అది. వ్యాధి పోయిందంటూనే రోగిని దూరంగా ఉంచడంలో మా రచ్చకట్టకూ ఢిల్లీకీ పెద్ద తేడా లేదు. నిజానికి వ్యాధి పోనూ లేదు. ఇప్పటికీ దేశంలో ఏటా లక్షకు అటూ ఇటూగా కొత్త కేసులు బయటపడుతున్నాయి, ప్రపంచంలో నమోదయ్యే కొత్త కేసుల్లో సగానికి పైగా మనవే.

ఈ మాటలు చెబితే నా ఈడు తల్లిదండ్రులు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది. కాలం మారింది, నీ పిల్లలను ఇప్పుడు ఊరి బయట ఒంటరిగా ఉండే ముక్కూమొహం తెలియని మనిషి దగ్గరికి పంపుతావా అని. న్యాయమైన ప్రశ్నే. పంపను, వాళ్ల వెంట నేనూ వెళతాను, పరిచయం చేసుకుంటాను. అయితే ఆ ప్రశ్నలో దాగి ఉన్న ఊహ తప్పు. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ప్రచురించే లెక్కల ప్రకారం పిల్లల మీద జరిగే లైంగిక అత్యాచారాల్లో నిందితులు పదింట తొమ్మిదికి పైగా కేసుల్లో బాధితులకు తెలిసినవారే: బంధువులు, ఇరుగుపొరుగు, కుటుంబ స్నేహితులు. పిల్లలకు కట్ట మీది మనిషిని చూపించి భయం నేర్పుతున్నాం, భయపడవలసిన చోట మాత్రం "మామయ్యకు నమస్తే చెప్పు" అని ముందుకు తోస్తున్నాం.

ఈ తప్పుడు భయం పిల్లల దగ్గరే ఆగిపోదు, పెద్దల చేతికి వచ్చి ప్రాణాలు తీస్తుంది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ సందేశాలు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా పాకాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అదే ఏడాది జులై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడాలో సంచార జాతికి చెందిన ఐదుగురిని చంపారు. చనిపోయిన వారందరూ ఏదో ఒక రకంగా ఊరి బయటి మనుషులే. అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన పరిధిలోని సుమారు 400 గ్రామాలకు పోలీసులను పంపి, డప్పులతో, జానపద బాణీల పాటలతో ఆ సందేశాలు అబద్ధమని చెప్పించారు. అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు. నాకు ఇందులో నచ్చింది పాటల సంగతి కంటే, ఒక పోలీసు ప్రతి ఊరికీ ముఖం తెలిసిన మనిషిగా వెళ్లడం. అనుమానం వచ్చినప్పుడు ఊరివాళ్లు ఆ పోలీసుకు ఫోన్ చేయగలిగారు. పేరు, ముఖం తెలియడానికి మించిన మందు ఈ భయానికి నేను చూడలేదు.

తాత పేరు మాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఆయన్ను ఎవరూ పేరుతో పిలవరు కనుక మేమూ తాతా అనే పిలిచాం. ఒకసారి ఆయనే, ఏదో లెక్క తగాదాలో కోపం వచ్చి, తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు కలిపి చెప్పి, తాను ఫలానా వాళ్ల ఇంటి పెద్దకొడుకుననీ, తనకు లెక్కలు నేర్పవద్దనీ అన్నాడు. ఆ ఇల్లు మాకు తెలుసు. ఊరి నడుమ, గచ్చు అరుగులతో, కొత్తగా రంగులు వేసిన ఇల్లు.

తర్వాత కొన్నాళ్లకు కాలికి పుండు పడి ఆయన మళ్లీ డిచ్‌పల్లికి వెళ్లాడు, తిరిగి రాలేదు. అక్కడే పోయాడని చాలాకాలం తర్వాత తెలిసింది. ఆయన సంగతి చెప్పినప్పుడల్లా వినేవాళ్లు ముగింపు కోసం చూస్తారు. ఎవరినైనా కాపాడాడా? కనీసం ఏదైనా మంచి మాట చెప్పాడా? మొత్తానికి మంచివాడేనా? ఎవరినీ కాపాడలేదు. గుర్తుపెట్టుకోదగ్గ మాట ఏదీ చెప్పలేదు. బూతులు బాగా తిట్టేవాడు, మా దగ్గర బీడీలు లాగేవాడు, తన పిల్లి మీద రాయి వేసిన ఒకణ్ణి దుడ్డుకర్రతో గట్టిగానే కొట్టాడు. మంచివాడని సాక్ష్యం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, చెప్పాలన్న కోరికా లేదు. రెండెకరాల తరి ఇప్పుడు ఆయన తమ్ముళ్ల కొడుకుల పేరు మీద ఉంది. ఆ తమ్ముళ్లు మంచివాళ్లేనా అని ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు.